మొగలిరేవులో అడుగు లోతు

పడవ ముక్కు ఇసుకను తాకీ తాకకముందే ఒడ్డున నలుగురు భటులు బల్లేలు అడ్డం పెట్టారు. అప్పుడే తెల్లవారుతోంది. శిలాపురి రాకుమారుడు కువలయుడు సాంబ్రాణి వర్తకుడి వేషంలో, వీపున మూత బిగించిన రాగి కడవతో మొగలిరేవు దేశంలో కాలు పెట్టబోతున్నాడు. సాయంత్రం ఇదే పడవ తిరిగి వెళుతుంది. ఆ లోపల పని పూర్తి కాకపోతే, నైరుతి మూల కాటుకలా పోగవుతున్న ఆ మబ్బు అతని కంటే ముందే శిలాపురి చేరుతుంది. చేరి కురిసిందంటే అతని చెల్లెలు హేమవల్లి కరిగిపోతుంది.

మాటవరసకి అన్నది కాదు, నిజంగానే కరిగిపోతుంది. పెళ్ళికి ఒప్పుకోలేదన్న కోపంతో మాంత్రికుడు మసికంఠుడు ఆ పిల్లను ఉప్పుబొమ్మను చేసి కోట ముందు మైదానంలో నిలబెట్టి పోయాడు. కదిపితే విరుగుతుంది. పైన పందిరి వేస్తే పందిరికి మంటలు అంటుకుంటున్నాయి. మనిషి చేత్తో పట్టుకున్న గొడుగు ఒక్కటే నిలుస్తోంది. గొడుగు ఎంత పెద్దదైతే మాత్రం ఏ లాభం? గాలివాన ఏటవాలుగా కొడితే?

ఆ ఉప్పును మళ్ళీ మనిషిని చేసేది మొగలిరేవు ఊటనీరు ఒక్కటే. నిండు కడవ కావాలి. తల మీంచి పాదాల దాకా ధార తెగకుండా పొయ్యాలి. ధార ఎక్కడ తెగితే అక్కడి నుంచి కింద ఉప్పే. తలా చేతులూ వచ్చి కాళ్ళు రాని ఆడపిల్ల బతుకు తలుచుకున్నప్పుడల్లా కువలయుడు వీపునున్న కడవ మూత తడిమి చూసుకుంటున్నాడు.

"కుడికాలు," అన్నాడు రేవు అధికారి అప్పలకొండ. అతని ముందు చెక్క పళ్ళెంలో తడిమట్టి చదునుగా పరిచి ఉంది. "ఒంటికాలి మీద నిలబడు. పది లెక్కపెట్టేదాకా ఊగకు. ఊగావంటే మళ్ళీ మొదటికి."

కువలయుడు నిలబడ్డాడు. అప్పలకొండ ఆ అచ్చులో పుల్ల గుచ్చి, పుల్ల పక్కన వడ్లగింజలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి చూశాడు. "ఎనిమిది గింజల లోతు. వెళ్ళేటప్పుడు మళ్ళీ తొక్కాలి. ఎనిమిదే ఉండాలి. తొమ్మిదైతే మా దేశానిది ఏదో నీ దగ్గరుందన్నమాట. ఆటు సమయంలో రాతికి కట్టేస్తాం. మిగతాది పోటు చూసుకుంటుంది."

ఇంత చల్లగా చెప్పి, పక్కకు తిరిగి పిలిచాడు. "పైడమ్మక్కా, నీ వంతు. ఈయనకి దేశం చూపించు."

పైడమ్మకు యాభై దాటాయి. మోచేతుల దాకా పొలుసుల మచ్చలు, నడుముకు చేపల కత్తి, చంకలో తాటాకు గొడుగు. వచ్చిన పరదేశిని కిందనుంచి మీదికి చూసి, అచ్చు వైపు చూసి, మళ్ళీ అతన్ని చూసింది.

"ఎన్నాళ్ళుంటావు?"

"ఇవాళ సాయంత్రం దాకా, అమ్మా."

"నన్ను అమ్మా అనకు. జనం పది రోజులుండి చూస్తారు మా దేశాన్ని. నువ్వొక్క పూటలో చూస్తావా? నీ సాంబ్రాణి పొగ చల్లారిపోతుందా ఏమిటి? నడు."

రేవు దాటగానే ఒక పొడుగాటి పాక వచ్చింది. అందులో పదిమంది పరదేశులు పొట్టలు పట్టుకుని పడుకుని ఉన్నారు. దాన్ని అరుగుదల సావడి అంటారు. మొగలిరేవులో అతిథికి పెట్టే భోజనం పేరుమోసింది. కొబ్బరిపాలలో ఉడికిన రొయ్యలు, మిరియాల పీత, పనసతొనల పాయసం. తిన్నది కూడా ఆ దేశపు సొత్తే కనుక, అది అరిగి అడుగు లోతు సరిపడేదాకా పడవ ఎక్కనివ్వరు.

వాళ్ళలో ఒకడు, తుందిలుడనే బానపొట్ట యాత్రికుడు, లేచి కూర్చున్నాడు. ఎడంకాలికి మోకాలి దాకా గుడ్డ చుట్టి ఉంది.

"మూడు రోజులైంది తల్లీ, ఇంకా రెండు గింజలు ఎక్కువే. మీతో నడిస్తే కాస్త అరుగుతుందేమో."

"పీతల కుండకి మూతి పెట్టి తాగితే అరగదు మరి. రా, వెనకాల రా. పడిపోతే నేను మాత్రం ఎత్తను," అంది పైడమ్మ.

ముగ్గురూ బయలుదేరారు.

ఆ దేశం అందం చెప్పాలంటే మాటలు చాలవు. ఒక పక్క సముద్రం, లోతు తక్కువచోట చిలకపచ్చగా, ఎక్కువచోట నెమలికంఠం రంగులో. మరో పక్క పోకచెట్లు బారులు తీరి, ఒక్కో చెట్టుకీ నడుం చుట్టూ మిరియపు తీగ. మధ్యలో పాలనురుగు లాంటి ఇసుక. పగడపు రాళ్ళతో కట్టిన ఇళ్ళు పొద్దుటి ఎండలో దానిమ్మ గింజల్లా మెరుస్తున్నాయి. మొగలిపొదల వాసనకి తల తిరుగుతోంది, ఆ పొదల్లో ఏ పాముందో అని కాలు వెనక్కి లాగుతోంది. ఎండలో నడిచే పెద్ద తాబేళ్ళ వీపుల మీద కొంగలు కూర్చుని సవారీ చేస్తున్నాయి. ఇదంతా చూడడానికే ఏడు సముద్రాల ఓడలు ఇక్కడికొస్తాయి.

కానీ మనుషులు? వీళ్ళు ఎదురైతే ఆడవాళ్ళు కడవల మీద కొంగు కప్పేశారు. ఒక ముసలాయన దారికడ్డంగా కూర్చుని లేవలేదు. శంఖాలమ్మే ఆమె సరుకు చేతిలో పెట్టి, "కొంటే కొను, ఊరికే తడమకు," అంది. దాహమేస్తోందని కువలయుడు అడిగితే ప్రతి ఇంట్లోనూ కొబ్బరిబోండం తెచ్చారు. మంచినీళ్ళు ఒక్కరూ ఇవ్వలేదు.

"మీ దేశంలో నీళ్ళకి కరువా?" అన్నాడు.

పైడమ్మ ఆగింది. "చరిత్ర చెప్పడం నా పని, విను. మొదట్లో మాకు రాజూ లేడు, రేవూ లేదు. శంఖాలు ఏరుకునేవాళ్ళం. ఒక అతిథి వచ్చి దాహమన్నాడు. నీళ్ళిచ్చాం. తోలుసంచిలో పోసుకుపోయి వాళ్ళ రాజుకి రుచి చూపించాడు. ఏడాది తిరక్కుండా రెండొందల ఓడలొచ్చాయి. అదిగో, కొండ మీద కూలిన కోట, వాళ్ళదే. వాళ్ళు పోయాక గుర్రాలవాళ్ళు. వాళ్ళూ నీళ్ళ కోసమే. అప్పుడు రేవులో మూటలు విప్పి చూసేవాళ్ళుండేవారు. ఒకడు ఉంగరం తీసుకుని ఒక మూట విప్పలేదు. ఆ మూటలో నీళ్ళు. ఆ నీళ్ళ వెనకాల మూడో దండు. మా ముత్తవ్వ కళ్ళముందు ఆవిడ ఇంట్లో తొమ్మిదిమంది పోయారు."

"ఇప్పుడు మూటలు చూడరా?"

"ఎవడి మూటా విప్పం. మనిషి చెయ్యి లంచం తీసుకుంటుంది. మట్టి తీసుకోదు."

వెనకాల తుందిలుడు చెవులు రిక్కించి వింటున్నాడు. ఇద్దరూ గమనించలేదు. అయ్యో, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే ఎంత బాగుండును.

కోట ఎక్కేటప్పటికి పొద్దు నడినెత్తికి వస్తోంది. తుందిలుడు రొప్పుతూ కింద మెట్టు మీదే కూలబడి, "మీరు చూసి రండి," అన్నాడు. కోటగోడ చివర కొండ తెగిపోయి ఉంది. కింద నూరు మూరల లోతున సముద్రం రాళ్ళను కొరుకుతోంది. మీద నిలబడితే అరికాళ్ళు జిల్లుమంటాయి.

"ఇంకా ముందుకి రా," అంది పైడమ్మ. "ఇక్కణ్ణించి చూస్తే బాగుంటుంది."

కువలయుడు అంచుకు వచ్చాడు. మరుక్షణం చేపల కత్తి అతని మెడ మీదుంది.

"మునక్కాడలా ఉన్నావు. వీపున సాంబ్రాణి, దూదంత బరువు. నలభై ఏళ్ళు చేపలు తూచిన చెయ్యి నాది. నీ అడుగు ఆరు గింజలుండాలి. ఎనిమిదుంది. చొక్కా కింద ఇనుముంది, నడుముకి కత్తుంది. ఎవరు పంపారు నిన్ను? ఓడలెన్ని వస్తున్నాయి?"

అబద్ధం చెబితే ఒక్క తోపు. కువలయుడు నిజమే చెప్పాడు. తన పేరు, మసికంఠుడు, ఉప్పు, మబ్బు, నిండు కడవ, అన్నీ. పైడమ్మ కత్తి తియ్యలేదు.

"కథలు బాగానే అల్లావు. గొడుగు పట్టుకుంటున్నారన్నావు. ఎవరు పడుతున్నారు?"

"మా అమ్మ."

"ఎన్నాళ్ళుగా?"

"పదకొండు రోజులు."

"మార్చి పట్టుకోడానికి దాసీలు లేరా మీ కోటలో?"

"ఉన్నారు. ఎవరికీ ఇవ్వదు. వాళ్ళకి నిద్రొస్తుందేమో, చెయ్యి వాలుతుందేమో అని భయం. నిలబడే తింటోంది. నేను బయలుదేరేటప్పుడు నా వైపు చూడను కూడా లేదు. మబ్బు వైపే చూస్తోంది."

పైడమ్మ కత్తి చీర కుచ్చిళ్ళకి తుడిచి దోపుకుంది, ఏదో మురికి అంటినట్టు.

"అబద్ధమైతే ఈ మాట నీకు తట్టదు," అంది. "నువ్వు దొరికిపోతే నీ పక్క రాతికి నన్నూ కట్టేస్తారు, తెలుసా? నాకిద్దరు కూతుళ్ళు. ఊరికే తెలుసుకో, అంతే. దిగు. ఆటు ఇంకో గడియే ఉంటుంది."

కొండ చీలికలోంచి కిందికి మూడొందల మెట్లు. ప్రతి మెట్టు మీదా నాచు. పట్టుకోడానికి గోడ తప్ప ఏమీ లేదు, గోడ మీదా నాచే. కాలు జారితే ఎముక కూడా దొరకదు. పైడమ్మ గొడుగు పై మెట్టు మీద వదిలి, చెప్పులు చంకన పెట్టుకుని చకచకా దిగిపోతూ వెనక్కి అరిచింది. "మడమ మీద బరువు వెయ్యి. వేళ్ళ మీద కాదు. మీ అమ్మకి ఒక ఉప్పుబొమ్మ చాలు."

అడుగున గుహ. పోటుకి మునిగి ఆటుకి తేలే చోటు. గోడలు ముత్యపుచిప్ప లోపలి వైపులా ఏడు రంగులు తిరుగుతున్నాయి. నేల మధ్య పగడపు రాళ్ళ సందులోంచి మంచినీరు గుప్పెడంత ఎత్తున ఉబుకుతోంది. దాని చుట్టూ నాలుగు వైపులా సముద్రం. ఉప్పు మధ్యలో తీపి. ఈ గుప్పెడు నీటి కోసమా ఇన్ని దండులు, ఇన్ని చావులు అనిపించింది కువలయుడికి. సాంబ్రాణి సముద్రంలో పారబోసి కడవ ఊట కింద పెట్టాడు.

"మూడు రోజులు," అని వెనక నుంచి గొంతు వినిపించింది. "మూడు రోజులు ఆ సావడిలో దొర్లాను, ఈ ఊట నోరు ఎక్కడుందో తెలుసుకోడానికి."

గుహ ద్వారంలో తుందిలుడు. ఎడంకాలి గుడ్డ విప్పుతున్నాడు. గుడ్డ కింద పాదం లేదు. ఎర్రటి పీత డెక్క ఉంది. రేవులో కుడికాలే తొక్కిస్తారు కదా, నూరేళ్ళ నుంచి ఎడంకాలు అడిగినవాడు లేడు.

"మా స్వామి మసికంఠుల ఆజ్ఞ. ఈ ఊట మూసెయ్యాలి, మీ ఇద్దర్నీ ఇందులోనే," అంటూ ఉబ్బాడు. బానపొట్ట చిట్లింది. ఎడ్లబండంత పీత, తాటిమొద్దుల్లాంటి కాళ్ళతో గుహ నిండా పరుచుకుంది.

"మూడు రోజులూ నీ చుట్టాలనే తిన్నావన్నమాట," అంది పైడమ్మ.

పీత డెక్క విసిరింది. పైడమ్మ జడ అందులో చిక్కింది. ఆమెను గాల్లోకి ఎత్తింది. కువలయుడు చొక్కా చింపి కత్తి దూసి పైకి ఎగిరి వేటు వేశాడు. కత్తి చిప్ప మీద ఖంగుమని జారింది. రెండో డెక్క అతని తొడను పట్టింది. కవచం అక్కడి దాకా లేదు. మాంసం చీరి రక్తం చిమ్మింది. గుహ ద్వారం దగ్గర అప్పుడే మొదటి అల నురగ లోపలికి నాకింది. పోటు మొదలైంది.

"పైన కొడతావేం?" గాల్లో వేలాడుతూనే అరిచింది పైడమ్మ. "తిరగెయ్. కడుపు కింద మూత ఉంటుంది, దాని సందులో పొడిచెయ్. ఇంట్లో పీత ఒలవలేదా నువ్వెప్పుడూ?"

అంటూనే నడుం కత్తి లాగి తన జడ తనే కోసుకుని కింద పడింది. కువలయుడు కుంటుతూ నాచు పట్టిన ఏటవాలు బండ మీదికి పరిగెత్తాడు. ఎనిమిది కాళ్ళతోనూ పీత వెంటపడింది. చివరి క్షణంలో అతను పక్కకు దొర్లాడు. ఎనిమిది కాళ్ళూ నాచు మీద ఒక్కసారే జారాయి. కొండంత పీత బోర్లా వచ్చి వెల్లకిలా పడింది. అతను దాని కడుపు మీదికి దూకి, మూత సందులో కత్తిని పిడి దాకా దించాడు. నల్లటి సిరా లాంటిది బుస్సున చిమ్మి, కాళ్ళు ముడుచుకున్నాయి. వచ్చిన అల ఆ కళేబరాన్ని లాక్కుపోయింది. కత్తి మాత్రం అతని చేతిలో మిగిలింది.

తెగిన జడ తడుముకుంటూ పైడమ్మ కడవ వైపు చూసింది. కడవ నిండింది.

"ఇప్పుడు తియ్యి," అంది.

"ఏం తియ్యాలి?"

"నీ ఇనుము. రేవులో మట్టి ఉంది, మర్చిపోయావా?"

కవచం విప్పి ఇచ్చాడు. ఒక చేత్తో కవచం, ఒక చేత్తో కడవ పట్టి, కళ్ళు మూసుకుని తూచింది. కడవ చెయ్యే కిందికి వాలింది.

"చాలదు. కత్తి కూడా."

"కత్తి వదల్లేను. సముద్రం మీద మసికంఠుడు కాపు కాస్తుంటాడు. ఉత్త చేతులతో ఎలా వెళ్ళను?"

"అయితే కడవలో నాలుగో వంతు పారబొయ్యి. కత్తి పట్టుకెళ్ళు."

నాలుగో వంతు అంటే మోకాళ్ళ దగ్గర ధార తెగుతుంది. అల అతని పిక్కల దాకా వచ్చింది. కువలయుడు తండ్రి ఇచ్చిన ఆ కత్తిని ఒకసారి కళ్ళకద్దుకుని ఊట పక్క రాతి సందులో గుచ్చాడు. కడవ మూత బిగించి వెంట తెచ్చిన మైనంతో అతికాడు. తొడకు తలపాగా గుడ్డ చుట్టి పైన ధోవతి సర్దాడు. చిరిగిన చొక్కా అంచులు ఒర మీదికి లాగి ముడివేశాడు, పైడమ్మ తెగిన జడ మీద కొంగు కప్పుకుంది.

ఇద్దరూ రేవు చేరేటప్పటికి పడవవాడు తెరచాప ఎత్తుతున్నాడు. మబ్బు సగం ఆకాశం మింగింది. అప్పలకొండ పొద్దుటి అచ్చు తెచ్చి పక్కన పెట్టి, కొత్త మట్టి పరిచాడు. కువలయుడు కుడికాలు మోపాడు. గాయం ఆ తొడకే. పది లెక్కపెట్టేదాకా పళ్ళు బిగపట్టాడు. ఒక్క రక్తపుచుక్క మట్టిలో పడిందా, అంతా అయిపోయినట్టే.

అప్పలకొండ గింజలు పేర్చి మొహం చిట్లించాడు. "ఏడు. తేలికయ్యావు. మా దేశంలో ఏం వదిలిపోతున్నావు? విషమా, ఆయుధమా?"

భటులు బల్లేలు అతని గుండె మీదికి దించారు. కారిపోయిన రక్తానికి లెక్క వెయ్యడం పైడమ్మ మరిచిపోయింది. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆమె తూకం తప్పింది.

"తిండి పెట్టలేదు," అంది గభాలున. "పొద్దుట్నించీ ఏమీ తినలేదు వాడు."

అప్పలకొండ చెయ్యి ఆగిపోయింది. "అతిథిని పస్తు పెట్టావా, అక్కా?"

"నచ్చలేదు నాకు. పెట్టలేదు."

"మనకి పరువుందా? ఈయన పోయి పది దేశాల్లో చెబుతాడు. బోండాలు తెండిరా."

ఒక బోండం తాగించాడు. తొక్కించాడు. చాలలేదు. రెండోది తాగించాడు. మూడోది తాగేసరికి పడవవాడు లంగరు లాగేస్తున్నాడు. మళ్ళీ అడుగు. మళ్ళీ గింజలు. ఎనిమిది.

"ఇంకోటి తాగు బాబూ, మా తప్పు మన్నించి," అంటూ అప్పలకొండ నాలుగో బోండం మూతి దగ్గర పెట్టాడు. కాదంటే ఆ దేశానికి అవమానం. తాగితే తొమ్మిది. కువలయుడి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

పైడమ్మ బోండం లాక్కుని గటగటా తాగేసింది. "నేనూ పొద్దుట్నించీ ఏమీ తినలేదు. నన్నడిగేవాడు లేడు. ఆ అచ్చు పగలగొట్టు, పోనీ వాణ్ణి."

"మీతో వచ్చిన బొజ్జాయన ఏడీ?"

"పీతల దగ్గరే ఉండిపోయాడు."

అప్పలకొండ నవ్వి పొద్దుటి అచ్చును నేలకేసి పగలగొట్టాడు. అచ్చు పగిలాక అతిథి మీద ఎవరికీ హక్కు లేదు. కువలయుడు నీళ్ళలోకి పరిగెత్తి కదిలిపోతున్న పడవ అంచు పట్టుకుని ఎక్కాడు. కడవను ఒళ్ళో పెట్టుకున్నాడు.

అతని మణికట్టు మీద ఒక చుక్క పడింది. నాలుకతో తాకి చూశాడు, అల తుంపరేమో, ఉప్పగా ఉంటుందేమో అని. ఉప్పు లేదు. వాన.

ఒడ్డున పైడమ్మ కూడా తన చెయ్యి చూసుకుంది. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, చంకలోని తాటాకు గొడుగును బలంకొద్దీ పడవలోకి విసిరింది.

"మీ అమ్మకి ఇవ్వు. పెద్దది, ఇద్దరికి సరిపోతుంది. మళ్ళీ తెచ్చి ఇవ్వాలి, ఊరికే ఇవ్వలేదు."

"తెస్తానమ్మా," అన్నాడు కువలయుడు. ఈసారి ఆమె అనవద్దనలేదు.

పడవ రేవు మొన దాటి తిరిగింది. ఎదురుగా, ఉత్తరాన శిలాపురికి పోయే దారికి అడ్డంగా, మసిబట్ట లాంటి నల్ల తెరచాపతో ఒక ఓడ కదలకుండా నిలిచి ఉంది. దాని ముక్కు మీద పొడుగాటి మనిషి ఒకడు చేతులు కట్టుకుని వీళ్ళ వైపే చూస్తున్నాడు. ఆ దూరాన్నించి కూడా కంఠం నల్లగా కనిపిస్తోంది.

కువలయుడి కుడిచెయ్యి అలవాటుగా నడుం మీదికి వెళ్ళింది. అక్కడ ఒర ఖాళీ. అతను కడవను రెండు మోకాళ్ళ మధ్య బిగించుకుని, తాటాకు గొడుగు విప్పి, పడవవాడితో అన్నాడు.

"తిప్పకు. నేరుగా పోనీ."